లేత గులాబీ నా బుగ్గల మీద బూడిదెందుకైంది?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది గుంటూరు బ్రాడీపేట. వయసు 27. విజయవాడలో ఉద్యోగం, రోజూ బస్సులో వచ్చి వెళ్తుంటాను. నాది చామనఛాయ, జిడ్డు చర్మం. బుగ్గల మీద పాత మొటిమల మచ్చలు కొన్ని ఉన్నాయి. మా అన్నయ్య నిశ్చితార్థానికని ఒక వీడియో చూసి, ఆన్‌లైన్‌లో బేబీ పింక్ బ్లష్ తెప్పించుకుని వేసుకున్నాను. వీడియోలో ఆ అమ్మాయికి ఎంత ముద్దుగా ఉందో! నన్ను చూసి మా పిన్ని మాత్రం, "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా? మొహం అలా పాలిపోయిందేం?" అంది, అదీ అందరి ముందు. ఫొటోల్లో చూసుకుంటే బుగ్గలకి బూడిద రాసుకున్నట్టే ఉంది. అమ్మేమో "మన రంగుకి అవన్నీ ఎందుకే, కాస్త పౌడర్ అద్దుకుంటే పోదూ" అంటోంది. శ్రావణంలో పెళ్లి. నిజంగానే నా రంగుకి బ్లష్ నప్పదా? నప్పేటట్టయితే ఏది కొనాలి, ఎలా వేసుకోవాలి, మన చెమటకి అది నిలుస్తుందా? దయచేసి పేరు వేయకండి.

సమాధానం: మా అమ్మాయి ఈడుదానివి కాబట్టి "నువ్వు" అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముందు మీ పిన్ని సంగతి. ఆవిడ మాట నిన్ను నొప్పించింది గానీ, అసలు కారణం ఆ మాటలోనే ఉంది. "పాలిపోయింది" అంది చూశావా, అదే జరిగింది. నువ్వు బుగ్గలకి ఎరుపు వేసుకున్నాననుకున్నావు, వేసుకున్నది తెలుపు. బేబీ పింక్ అంటే ఏమిటి? చారెడు తెలుపులో చిటికెడు ఎరుపు. ఆ తెలుపు ఎక్కువగా టైటానియం డయాక్సైడ్, గోడలకేసే తెల్ల పెయింటులో ఉండేది కూడా అదే. డబ్బా వెనక సీఐ 77891 అని కనిపిస్తుంది, అది ఆ రంగు నంబరు. బాగా తెల్లగా ఉన్నవాళ్లకి ఆ తెలుపు ఒంటి రంగులో కలిసిపోయి, ఎరుపు ఒక్కటే పైకి తేలుతుంది. మనలాంటి వాళ్లకి ఆ చిటికెడు ఎరుపు ఒంట్లో కలిసిపోయి, తెలుపు పైకి తేలుతుంది. నుదుటి మీద విభూతి ఆరిపోయాక చామనఛాయ వాళ్లకి ఏ రంగులో కనిపిస్తుందో గుర్తు తెచ్చుకో. నీ బుగ్గల మీద కనిపించింది అదే.

కాబట్టి నీ రంగుకి బ్లష్ నప్పదన్న మాట ఇక్కడితో మర్చిపో. ఆ డబ్బా నప్పలేదు, అంతే. మీ అమ్మగారు అద్దుకోమన్న పౌడర్‌దీ ఇదే కథ, ఆవిడతో చెప్పకు గానీ. మా తరం వాళ్ల పెళ్లి ఆల్బమ్‌లు తీసి చూడు. మొహం ఒక రంగు, మెడ ఒక రంగు, చెవులు మరో రంగు. అంతా టాల్కం చలవే.

నేను కూడా ఈ తప్పు చేశాను, అదీ డబ్బులు తీసుకుని మరీ. సత్యనారాయణపురంలో పార్లర్ పెట్టిన కొత్తలో, పాతికేళ్ల పైమాట, ఒక పెళ్లికూతుర్ని తయారుచేశాను. నల్లగా కళగా ఉండే పిల్ల. అప్పట్లో మా దగ్గర బ్లష్ అనేవాళ్లం కాదు, రూజు అనేవాళ్లం. ఉన్నదల్లా ఒకటే లేత గులాబీ డబ్బా, వచ్చిన ప్రతి పెళ్లికూతురికీ అదే. వీడియోకి హాలోజన్ లైట్లు పెట్టేవాళ్లు, పక్కన నిలబడితే చెవులు కాలేవి. ఆ వెలుగులో వెలిసిపోకూడదని ఇంకో రెండుసార్లు పూశాను. పది రోజుల తర్వాత పెళ్లికూతురి తల్లి ఆల్బమ్ తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాట అనలేదు. నేను ఫొటోగ్రాఫర్ని తిట్టడం మొదలుపెట్టి, సగంలో ఆగిపోయాను. అదే ఫొటోలో పెళ్లికూతురి పక్కన వాళ్ల అమ్మమ్మ ఉంది. ఇద్దరిదీ ఒకటే రంగు, ఇద్దరి మీదా ఒకటే లైటు. ఆవిడ బుగ్గలు నిగనిగలాడుతున్నాయి. మనవరాలి బుగ్గలు సున్నం కొట్టినట్టున్నాయి. అమ్మమ్మకి నేను ఏమీ వేయలేదు మరి.

ఇప్పుడు నువ్వు ఉత్తరంలో రాయని సంగతొకటి అడుగుతాను. బ్లష్ కింద ఫౌండేషన్, అంటే మొహమంతా ఒకే రంగుగా కనిపించడానికి పూసే క్రీమ్, వేశావా? వేసి ఉంటే నిజం చెప్పు, అది నీ రంగేనా, నీకంటే రెండు మెట్లు తెల్లదా? నా దగ్గరికొచ్చేవాళ్లలో చాలామంది తెల్లదే ఇమ్మంటారు. తెల్లబరిచిన మొహం మీద ఎంత సరైన బ్లష్ వేసినా అతికించినట్టే ఉంటుంది. ఫౌండేషన్ దవడ దగ్గర మెడలో కలిసిపోవాలి, గీత కనిపించకూడదు. సన్‌స్క్రీన్ కూడా ఒకసారి చూసుకో. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ ఉన్నవి కొన్ని తెల్లటి పొర వదులుతాయి, ఆ పొర మీద ఏం వేసినా బూడిదే. టింటెడ్ సన్‌స్క్రీన్ అని దొరుకుతుంది, ఐరన్ ఆక్సైడ్ రంగులు కలిపింది. దానితో ఆ తెలుపు తగ్గుతుంది. మంగు మచ్చలున్న వాళ్లకి అయితే అది ఇంకా మంచిది. మంగుని ముదిరించేది ఎండలోని యూవీ ఒక్కటే కాదు, కంటికి కనిపించే వెలుగు కూడా. ఆ వెలుగుని కొంత ఆపేవి ఈ ఐరన్ ఆక్సైడ్‌లే.

సరే, నీ రంగు ఏది? చెప్పేవి రెండున్నాయి, రెండింటికీ పైసా ఖర్చు లేదు. ఒకటి నీ కింది పెదవి లోపలివైపు. పెదవి కాస్త కిందికి లాగి అద్దంలో చూడు. పైన ఎంత ముదురుగా ఉన్నా లోపల నీ రక్తం రంగు తెలుస్తుంది. రెండోది, ఒళ్లు వేడెక్కినప్పుడు బుగ్గకి వచ్చే రంగు. ఈసారి దుర్గమ్మ దర్శనానికి మెట్లెక్కి వెళ్లు. సగంలో ఆయాసంతో ఆగుతావు కదా, అప్పుడు చిన్న అద్దం తీసి చూసుకో. కొండ దాకా ఎందుకంటావా, మీ ఇంటి మేడ మెట్లు నాలుగుసార్లు ఎక్కి దిగినా చాలు. "నల్లవాళ్లకి బుగ్గలు ఎర్రబడవు" అనేది వట్టి మాట. రక్తం అందరికీ పారుతుంది. మనకి పైన మెలనిన్, అదే చర్మానికి రంగునిచ్చేది, ఎక్కువ కాబట్టి ఆ ఎరుపు గోధుమరంగుతో కలిసి పైకొస్తుంది. రెండు రంగుల నేతచీరలో పడుగు ఒక రంగు, పేక ఒక రంగు ఉంటే కంటికి మూడో రంగు కనిపిస్తుంది చూడు, అలాగన్నమాట. బ్లష్ కొనేటప్పుడు నీకు కావలసింది ఆ మూడో రంగు.

డబ్బాల మీద రాసే పేర్లు చూసి కంగారుపడకు. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, ఒకరి "పీచ్" ఇంకొకరి "న్యూడ్". నేను మా పార్లర్ పిల్లలకి చీరల రంగుల్లో నేర్పిస్తాను, విజయవాడ వస్త్రలత బట్టల బజార్లో బేరమాడిన ఆడవాళ్లకి అవి పాఠం చెప్పక్కర్లేదు కదా. ఉల్లిపొర రంగు పసిమి ఛాయ వాళ్లకి బాగుంటుంది. నీలాంటి చామనఛాయకి ముదురు కనకాంబరం, ఇటుక రంగు. లేదా గులాబీలే ఇష్టమైతే, రాణి రంగుకి కాస్త మట్టి కలిపినట్టుండే ముదురు గులాబీ. ఇంకా నల్లగా ఉన్నవాళ్లకి నేరేడు, మెరూన్. అబ్బ, ఆ రంగుల్లో వాళ్ల బుగ్గలు చూడాలి! ఆ అందం తెల్లవాళ్లకి రమ్మన్నా రాదు. నువ్వు మిర్చి యార్డు ఊరిదానివి, నీకు ఎరుపుల తేడా నేను చెప్పాలా? చెట్టు మీది పండు మిరపకాయ ఎరుపు వేరు, ఎండి గలగల్లాడే కాయ ఎరుపు వేరు. నీకు కావలసింది ఆ రెండోది. డబ్బా మీద అది టెర్రకోటా, బ్రిక్, డీప్ కోరల్ లాంటి పేర్లతో ఉంటుంది. నేరేడు కావలసినవాళ్లు బెర్రీ, ప్లమ్, వైన్ అని వెతుక్కోవాలి.

డబ్బాలో చూసి "అమ్మో, ఇంత ఎరుపా!" అని భయం వేసిందంటే నువ్వు సరైన అర దగ్గరే ఉన్నట్టు. చామనఛాయ మీద డబ్బాలోని రంగు సగానికి సగం తగ్గిపోతుంది. వేలితో ఒక్కసారి రాస్తేనే రంగు కనిపించాలి. నాలుగుసార్లు రుద్దితే గానీ కనిపించనిది కొనకు. రుద్దేకొద్దీ రంగు కంటే సుద్ద ఎక్కువ చేరుతుంది.

చర్మం అడుగున ఉండే ఛాయ పసుపు వైపుదా (వార్మ్ అండర్‌టోన్), గులాబీ-నీలం వైపుదా (కూల్ అండర్‌టోన్) అని మణికట్టు నరాలు చూసుకోమనే సలహా నీకూ వినబడే ఉంటుంది. నరాలు నీలంగా ఉంటే ఒకటి, పచ్చగా ఉంటే ఇంకొకటి అంటారు. మన చేతుల్లో నరాలు సగం మందికి సరిగ్గా కనిపించవు, కనిపించినా ట్యూబ్‌లైటు కింద ఒక రంగు, ఎండలో ఒక రంగు. ఇంకొందరు బంగారం నప్పుతుందా వెండి నప్పుతుందా చూసుకోమంటారు. బంగారం నప్పదని ఒప్పుకునే ఆడమనిషి కృష్ణా గుంటూరు జిల్లాల్లో ఉందా? నా మాట విని పెదవి లోపలివైపు చూసుకో. అది ఇటుక వైపు మొగ్గితే ఇటుక, నేరేడు వైపు మొగ్గితే నేరేడు.

ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడం తప్పని అనను. మొదటిసారి మాత్రం కంటితో చూసి కొనుక్కో. ఎలాగూ రోజూ విజయవాడ వస్తున్నావు, ఒక సాయంత్రం కాకుండా శనివారం మధ్యాహ్నం బీసెంట్ రోడ్డుకి వెళ్లు. మధ్యాహ్నమే ఎందుకంటే, షాపుల్లో లైట్లని నమ్మడానికి లేదు. చౌక ఎల్‌ఈడీ వెలుగులో ఎరుపు చచ్చిపోయినట్టు కనిపిస్తుంది, పసుపు బల్బు కింద ప్రతిదీ బాగుంటుంది. టెస్టర్ ఉంటే పైపొర టిష్యూతో తుడిచి, దవడ పైన చెవి దగ్గర కొంచెం రాసుకుని, బయటికొచ్చి ఎండ వెలుగులో చూసుకో. చేతి వెనక రాసి చూడటం దండగ, చేతి రంగూ మొహం రంగూ ఒకటి కాదు. షాపు అమ్మాయి "ఇది బాగా పోతోంది మేడమ్" అంటుంది. పోనీ, మనం తొందరపడక్కర్లేదు. అరగంట అలా తిరిగి, ఒక చెరుకురసం తాగి, చెమట పట్టాక మళ్లీ చూసుకో. అప్పటికి కూడా దురద పుట్టక, రంగు మారకుండా ఉంటే వెనక్కెళ్లి కొనుక్కో. ఇంటికెళ్లాక మోచేతి మడతలో కొంచెం రాసి ఒకటి రెండు రోజులు ఆగితే ఇంకా నిశ్చింత.

కొనేటప్పుడు డబ్బా తిప్పి చూడు. తయారీదారు చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, ఎప్పటిలోపు వాడాలో ఆ తేదీ ఉండాలి. విదేశీ సరుకైతే దిగుమతి రిజిస్ట్రేషన్ నంబరు కూడా ఉండాలి. పెద్ద కంపెనీ పేరుతో ఫుట్‌పాత్ మీద వంద రూపాయలకి దొరికే డబ్బా మీద చాలాసార్లు ఇవి ఉండవు. మూత తెరిచిన చిన్న డబ్బా బొమ్మలో 12ఎం, 24ఎం అని ఉంటే, తెరిచాక అన్ని నెలలు వాడొచ్చని. ఇంకొకటి, మీ ఇంట్లో శ్రావణమాసమంతా నీసు ముట్టరేమో తెలియదు. గులాబీ, ఎరుపు బ్లష్‌లు కొన్నింటిలో కార్మైన్ అనే రంగు ఉంటుంది, సీఐ 75470. అది ఒక రకం పురుగుల నుంచి తీసేది. పట్టింపు ఉంటే ఆ నంబరు లేనిది, పచ్చ చుక్క ఉన్నది చూసుకో. వరలక్ష్మీ వ్రతం రోజు పీటల మీద కూర్చున్నాక నాకు ఫోన్ చేసి అడిగినవాళ్లున్నారు.

పౌడరా, క్రీమా? జిడ్డు చర్మానికి పౌడర్, పొడి చర్మానికి క్రీమ్ అని సూత్రం, మొత్తం మీద సరైనదే. రోజువారీకి నీకు పౌడర్ చాలు. మెరుపు లేనిది తీసుకో. మెరుపు కలిసిందైతే మొటిమలు వదిలిన చిన్న చిన్న గుంటల్లో చేరి ఒక్కోదాన్నీ లెక్కపెట్టి చూపిస్తుంది. పెళ్లికి మాత్రం రెండూ కావాలి, ఎందుకో కింద చెబుతాను.

ఇక వేసుకోవడం. కిటికీకి ఎదురుగా కూర్చో. వెలుగు పక్కనుంచి పడితే నీడపడ్డ బుగ్గకి తెలియకుండా ఎక్కువ వేసేస్తావు. సన్‌స్క్రీన్ రాశాక ఒక పావుగంట ఆగు, తడి ఆరకుండా పౌడర్ వేస్తే అట్టలు కడుతుంది.

వీడియోల్లో నవ్వమంటారు, నవ్వితే ఉబ్బే చోట వేయమంటారు. ఒకసారి అలాగే వేసి, నవ్వు ఆపి చూసుకో. ఉబ్బిన బుగ్గ దిగిపోయి, దాంతోపాటు రంగు కూడా నోటి పక్కకి జారుతుంది. అక్కడ రంగుంటే మొహం వేలాడినట్టు, అలిసిపోయినట్టు కనిపిస్తుంది. నువ్వు మొహం వదులుగా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఉండేటట్టు పెట్టు. నల్లగుడ్డు నడిమి నుంచి నిలువుగా ఒక గీత, ముక్కు చివర నుంచి చెవివైపు అడ్డంగా ఒక గీత ఊహించుకో. నిలువు గీతకి బయటివైపు, అడ్డగీతకి పైన, అదీ నీ జాగా. ముక్కుకీ రంగుకీ మధ్య రెండు వేళ్ల ఎడం ఉండాలి.

బ్రష్ కొసని డబ్బాలో అద్దు, గిరగిరా తిప్పకు. పిడిని డబ్బా అంచు మీద రెండుసార్లు తట్టు, ఎగిరే పొడి ఎగిరిపోనీ. ఇక్కడ ఒక కిటుకుంది, చాలామందికి తెలియదు. బ్రష్ మొహాన్ని మొట్టమొదట ఎక్కడ తాకుతుందో అక్కడే అన్నిటికంటే ఎక్కువ రంగు దిగుతుంది. అందరూ ముక్కు పక్క నుంచి మొదలుపెడతారు, అందుకే ముక్కు పక్కన రెండు రూపాయి బిళ్లల్లా ఎర్రటి మచ్చలు తయారవుతాయి. నువ్వు చెవివైపు నుంచి, చెంప ఎముక మీద మొదలుపెట్టి లోపలికి రా. మిగిలిన రంగుతో మళ్లీ కణతవైపు పైకి వెళ్లు. చేతి బరువు బ్రష్ మీద వేయకు. పసిపిల్ల బుగ్గకి పౌడర్ అద్దినట్టుండాలి. ఒక పూత వేశాక అద్దానికి మూడడుగులు వెనక్కి వెళ్లి చూసుకో. చాలకపోతే ఇంకో పూత. ఎవరూ నిన్ను అరచెయ్యి దూరం నుంచి చూడరు, మీ పిన్ని తప్ప.

ఎక్కువైందా? తుడవకు, తుడిస్తే కింది ఫౌండేషన్ కూడా లేచొస్తుంది. ఫౌండేషన్ అద్దిన స్పాంజి ఉంటుంది కదా, మళ్లీ ఏమీ ముంచకుండా దానితోనే అంచుల్ని అద్దుకుంటూ పో. రెండు నిమిషాల్లో దారికొస్తుంది. క్రీమ్ బ్లష్ అయితే ఉంగరపు వేలికి ఆవగింజంత చాలు. బుగ్గ మీద రుద్దకూడదు, వేలితో తట్టాలి.

మొహం గుండ్రమా, కోలా అని ఉత్తరంలో రాయలేదు. గుండ్రమైతే రంగుని ఏటవాలుగా పైకి తీసుకెళ్లు, కోలమొహమైతే కాస్త అడ్డంగా వేయి. అంతకు మించి ఆలోచించక్కర్లేదు. ఈమధ్య ముక్కు మీద, గడ్డం మీద కూడా బ్లష్ వేస్తున్నారు. జిడ్డు ముక్కుతో మన ఎండలో ఆ పని పెట్టుకోకు.

మచ్చల గురించి ఒక మాట. మచ్చ మీద బ్లష్ వేసి కప్పేద్దామనుకుంటే అది ఇంకా నల్లగా కనిపిస్తుంది. ముందు ఆ మచ్చ ఉన్నంత మేరకే నారింజ రంగు కలిసిన కరెక్టర్ పలచగా అద్ది, దాని మీద నీ రంగు ఫౌండేషన్, ఆ తర్వాత బ్లష్. పచ్చి మొటిమ మీద బ్రష్ ఆడించకు. బ్రష్‌ని వారానికోసారి బేబీ షాంపూతో కడిగి, పడుకోబెట్టి ఆరబెట్టు. ఇంకో సంగతి, మచ్చలు పోవడానికని మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న క్రీమ్ ఏదైనా రాస్తున్నావా? వాటిలో కొన్నింట్లో స్టెరాయిడ్ ఉంటుంది. కొన్నాళ్లకి చర్మం పలచబడి బుగ్గలు ఎర్రగా అవుతాయి, ఎండలోకి వెళ్తే మండుతాయి. "బుగ్గలు గులాబీల్లా అయ్యాయి మేడమ్" అని సంబరంగా వచ్చిన పిల్లల్ని నేను చూశాను. అది రోగం. అలాంటిది రాస్తుంటే స్కిన్ డాక్టర్‌కి చూపించు. సొంతంగా ఒక్కసారిగా మానేసినా మొహం తిరగబడుతుంది.

డబ్బు దండగ ఎందుకని కుంకుమ అద్దుకునేవాళ్లు, లిప్‌స్టిక్ బుగ్గకి రాసుకునేవాళ్లు ఉన్నారు. కుంకుమ వద్దే వద్దు. పసుపు, సున్నం కలిపి ఇంట్లో చేసుకునే కుంకుమ వేరు, బజారు పొట్లంలో ఏ రంగు కలిసిందో ఎవరికి తెలుసు? లిప్‌స్టిక్ ఎప్పుడో ఒకసారి, అవసరానికి సరే. రోజూ అయితే అందులోని మైనం, నూనెలు నీ చర్మానికి మళ్లీ మొటిమలు తేవచ్చు. బీట్‌రూట్ రసం గురించి నన్ను అడగకండి. అది బుగ్గ మీద కంటే దుపట్టా మీద ఎక్కువసేపు నిలుస్తుంది.

రోజూ ఆఫీసుకైతే ఇంట్లో వేసుకుని బయల్దేరొద్దు. బ్రాడీపేటలో వేసుకున్న బ్లష్ మంగళగిరి దాకా బాగానే ఉంటుంది, వారధి దాటి ట్రాఫిక్‌లో ఆగేసరికి చెమటతో కలిసి చుక్కలు చుక్కలుగా అవుతుంది. ఇంట్లో సన్‌స్క్రీన్ వరకు రాసుకో. ఆఫీసుకి చేరాక మొహాన్ని టిష్యూతో వత్తి, రెండు నిమిషాల్లో బ్లష్ అద్దుకో. వత్తడమే, తుడవడం కాదు.

పెళ్లి సంగతికొస్తే నువ్వు ఆడపడుచువి, ఆ రోజు కుదురుగా కూర్చునే పని ఉండదు. శ్రావణంలో వాన పడీ పడకుండా ఉక్క పోస్తుంది, మండపంలో లైట్లు, హోమం పొగ. అందుకే రెండు పొరలు. ఫౌండేషన్ మీద ఇటుక రంగు క్రీమ్ గానీ జెల్ టింట్ గానీ పలచగా తట్టు. టింట్ అయితే ఒక బుగ్గ పూర్తయ్యాకే రెండోది, చప్పున ఆరిపోతుంది. దాని మీద పలచగా కాంపాక్ట్ పౌడర్, ఆ పైన అదే రంగు పౌడర్ బ్లష్. క్రీమ్ ఎప్పుడూ పౌడర్ కింద ఉండాలి, పైన వేస్తే ఉండలు కడుతుంది. పై పొర చెమటకి పోయినా కింది పొర ఉంటుంది. చివర్లో సెట్టింగ్ స్ప్రే, మేకప్ చెదరకుండా పట్టి ఉంచేది. ఫ్లాష్‌లో, వీడియో లైట్లలో రంగు కొంత వెలిసిపోతుంది కాబట్టి రోజూ వేసుకునే దానికంటే ఒక పూత ఎక్కువ వేయొచ్చు. నాలాగ మూడు పూతలు వేయకు. చీర రంగుకి మ్యాచింగ్ అని బ్లష్ మార్చకు, పెదవుల రంగూ బుగ్గల రంగూ ఒకే వరసలో ఉంటే చాలు. చీర ఏదైనా కలిసిపోతుంది.

ఒకటి మర్చిపోతారు అందరూ. అన్నయ్యని పెళ్లికొడుకుని చేసే రోజు నలుగు పెట్టేటప్పుడు నీ బుగ్గలకి పసుపు పూయకుండా మీ వదినలూ మరదళ్లూ ఊరుకుంటారా? ఆ పసుపు ఒక్క స్నానంతో పోదు. దాని మీద గులాబీ వేస్తే నారింజలోకి తిరుగుతుంది, ముదురు కనకాంబరం అయితే మరీ పచ్చగా లాగుతుంది. పసుపు బాగా పట్టిందనిపిస్తే ఆ మర్నాటికి కొంచెం నేరేడు వైపున్న రంగు వాడుకో. లేదా ముందే బుగ్గలకి కొబ్బరినూనె పలచగా రాసుకుని వెళ్లి, నలుగు అవగానే మొహం కడిగేసుకో, పసుపు తక్కువ పడుతుంది. జిడ్డు చర్మం కాబట్టి ఆ నూనె ఎక్కువసేపు ఉంచకు.

పెళ్లికి ముందు ఏదో ఒక ఆదివారం ఇదంతా వేసుకుని రైతుబజారుకి వెళ్లి కూరగాయలు తెచ్చుకుని, ఇంటికొచ్చి ఫ్లాష్‌తో ఒక ఫొటో, ఫ్లాష్ లేకుండా ఒక ఫొటో తీసుకుని చూడు. కుదిరితే అదే మొహంతో మీ పిన్ని వాళ్లింటికి వెళ్లు. ఆవిడ నీ మొహం వంక చూసి, బుగ్గల ఊసెత్తకుండా "పెళ్లికి చీర ఏం తీసుకున్నావే?" అని అడిగిందంటే కుదిరినట్టే.

ఆ బేబీ పింక్ డబ్బా మీ బంధువుల్లో పసిమి ఛాయ పిల్ల ఎవరికైనా ఇచ్చెయ్, పైపొర కాస్త గీకేసి ఇవ్వు. మీ అమ్మగారికి మాత్రం ఇవ్వకు. ఆవిడదీ నీ రంగే అయ్యుంటుంది. ఆవిడ వంటింట్లోంచి పొయ్యి సెగకి వేడెక్కి బయటికొచ్చినప్పుడు ఒకసారి బుగ్గలు చూడు. నీకు ఏ రంగు కొనాలో ఇంకా అనుమానం ఉంటే, అదిగో, ఆ రంగు.